మిలాన్ తొలి డ్యూక్ జాన్ గలెయాట్సో విస్కోంతి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇటలీ చరిత్ర అనగానే మనవాళ్లు రోమన్ సామ్రాజ్యం దగ్గర ఆగిపోతారు, లేదా నేరుగా లియొనార్డో దగ్గరకు దూకేస్తారు. ఆ మధ్య కాలంలో, 14వ శతాబ్దం చివర, ఉత్తర ఇటలీలో చాలా భాగాన్ని తన చేతిలోకి తెచ్చుకున్న మనిషి ఒకడున్నాడు. అతని గురించి తెలుగులో దొరికే సమాచారం చాలా తక్కువ. అందుకే ఈ పేజీ. ఏ ప్రశ్న నుంచి మొదలుపెట్టినా చదువుకోవచ్చు. వరుసగా చదివితే మాత్రం కథ బాగా అందుతుంది.

ఇంతకీ ఎవరీ జాన్ గలెయాట్సో?

1351 అక్టోబర్ 16న పుట్టాడు, 1402 సెప్టెంబర్ 3న జ్వరంతో చనిపోయాడు. విస్కోంతి వంశంలో డ్యూక్ బిరుదు పొందిన మొదటివాడు. మిలాన్ కెథడ్రల్ ఇతని కాలంలోనే మొదలైంది. పావియా దగ్గరి చెర్తోసా మఠానికి శంకుస్థాపన చేసింది ఇతనే.

చాలామంది ఇతన్ని కుట్రదారుగానో, ఇటలీని మింగబోయిన నియంతగానో పరిచయం చేస్తారు. రెండిటిలోనూ నిజం ఉంది. కానీ నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది వేరే విషయం. కత్తి పట్టి యుద్ధానికి వెళ్లే అలవాటు లేని మనిషి గదిలో కూర్చుని ఉత్తరాలు, ఒప్పందాలు, లెక్కల పుస్తకాలతోనే అంత రాజ్యం కట్టాడు. అది అంత వేగంగా కూలిపోవడానికి కారణం కూడా అందులోనే ఉంది. తాళాలన్నీ ఒక్కడి దగ్గరే ఉండిపోయాయి.

విస్కోంతి కుటుంబం ఎలాంటిది?

మిలాన్‌ను తరాలుగా ఏలుతున్న కుటుంబం. మనిషిని మింగుతున్న పాము వాళ్ల గుర్తు. అల్ఫా రోమియో కారు బ్యాడ్జీ మీద ఈ రోజుకీ కనిపించే పాము అదే.

జాన్ గలెయాట్సో తండ్రి రెండవ గలెయాట్సో, చిన్నాన్న బెర్నబో. అన్నదమ్ములిద్దరూ రాజ్యాన్ని పంచుకున్నారు. మిలాన్ నగరాన్ని కూడా చెరి సగం చేసుకున్నారు. తర్వాత గలెయాట్సో పావియాకు మకాం మార్చి అక్కడ పెద్ద కోట కట్టించాడు. బెర్నబో మిలాన్‌లో ఉండిపోయాడు. ఇద్దరూ కఠినులే. రాజద్రోహులకు 40 రోజుల పాటు సాగే చిత్రహింసల వరుస వాళ్ల పేరు మీదే ప్రచారంలో ఉంది. బెర్నబో వేటకుక్కలు వేల సంఖ్యలో ఉండేవి. వాటిని మేపే భారం రైతుల మీద పడేది. కుక్క చిక్కిపోయినా, చచ్చిపోయినా ఆ ఇంటివాడికి శిక్ష.

ఇంత క్రూరులైనా వీళ్లకు యూరప్ రాజవంశాలతో వియ్యమందుకునే స్తోమత ఉంది. జాన్ గలెయాట్సో చెల్లెలు వియోలాంతేను ఇంగ్లండ్ రాజు మూడవ ఎడ్వర్డ్ కొడుకు లయనెల్‌కిచ్చి 1368లో మిలాన్‌లో ఘనంగా పెళ్లి చేశారు. కొన్ని నెలలకే పెళ్లికొడుకు చనిపోయాడు.

ఫ్రాన్స్ రాజు తన కూతుర్ని ఇతనికి ఎందుకిచ్చాడు?

డబ్బు కోసం. 1356లో ప్వాటియే యుద్ధంలో ఫ్రాన్స్ రాజు రెండవ జాన్ ఇంగ్లిష్‌వాళ్లకు బందీగా చిక్కాడు. విడుదలకు వాళ్లు అడిగిన సొమ్ము భారీగా ఉంది, ఖజానా ఖాళీగా ఉంది. అటు విస్కోంతిల దగ్గర డబ్బుంది, రాజవంశపు రక్తం లేదు. బేరం కుదిరింది. గలెయాట్సో సుమారు 6 లక్షల ఫ్లోరిన్లు (ఫ్లోరెన్స్ బంగారు నాణేలు) ఇచ్చాడని చెబుతారు. 1360 అక్టోబర్‌లో పెళ్లి జరిగింది. పెళ్లికొడుక్కి తొమ్మిదేళ్లు నిండడానికి ఇంకా కొన్ని రోజులుంది, పెళ్లికూతురు ఇసబెల్లాకు పన్నెండేళ్లు.

ఆమె కట్నంగా షాంపేన్ ప్రాంతంలోని వెర్తు అనే చిన్న సంస్థానం వచ్చింది. అప్పటి నుంచి డ్యూక్ అయ్యేదాకా ఇటలీలో అందరూ ఇతన్ని 'కోంతే ది విర్తూ', అంటే వెర్తు కౌంట్ (సంస్థానాధిపతి), అనే పిలిచారు. పాత ఇటాలియన్ చరిత్రల్లో ఈ పేరు కనిపిస్తే అది ఇతనే అని గుర్తుపెట్టుకోండి.

ఇసబెల్లా 1372లో పురిట్లో చనిపోయింది. కొడుకులెవరూ దక్కలేదు, కూతురు వాలెంతీనా ఒక్కతే మిగిలింది.

రెండో పెళ్లి చిన్నాన్న కూతురితోనా? మన లెక్కలో చెల్లెలు వరస కదా?

అవును, చేసుకున్నది చిన్నాన్న బెర్నబో కూతురు కతెరీనానే. మనకైతే చిన్నాన్న బిడ్డ చెల్లెలే, మేనమామ బిడ్డ మరదలు. అక్కడి చర్చి లెక్కలో ఆ తేడా లేదు, ఇద్దరూ నిషిద్ధమే. అంత దగ్గరి బంధువుల పెళ్లికి పోప్ ప్రత్యేక అనుమతి కావాలి, అది తెచ్చుకున్నారు. 1380లో పెళ్లయింది.

ఇది ప్రేమ పెళ్లి కాదు. 1378లో తండ్రి చనిపోయాక జాన్ గలెయాట్సో పావియాలో ఒంటరివాడయ్యాడు. బెర్నబోకు భార్య రెజీనా ద్వారా కలిగిన కొడుకులు, కూతుళ్లే పదిహేనుమంది దాకా ఉన్నారు. ఆ పిల్లలందరికీ రాజ్యాలు కావాలి. పక్కనున్న అన్న కొడుకు రాజ్యం మీదే కళ్లుంటాయని వేరే చెప్పనక్కర్లేదు. కూతుర్నిచ్చి అల్లుణ్ని గుప్పిట్లో పెట్టుకోవచ్చని బెర్నబో అనుకున్నాడు.

1385 మే 6న ఏం జరిగింది?

ఇతని జీవితంలో నేను మళ్లీ మళ్లీ చదివేది ఈ రోజు గురించే.

అప్పటికి కొన్నేళ్లుగా జాన్ గలెయాట్సో భక్తుడిగా, పిరికివాడిగా పేరు తెచ్చుకున్నాడు. ఎప్పుడూ ప్రార్థనలు, పుస్తకాలు. బయటికొస్తే చుట్టూ అంగరక్షకులు. చిన్నాన్న ఇంట్లో ఇతన్ని చూసి నవ్వుకునేవాళ్లు. ఇంత భయస్తుడి వల్ల తమకేం ముప్పని వాళ్ల ధీమా.

ఆ మే నెలలో వరేజే దగ్గరి కొండ మీది మేరీమాత గుడికి మొక్కు తీర్చుకోవడానికి వెళ్తున్నానని, దారిలో మిలాన్ పక్కగా వస్తానని, కలవాలని ఉందని మామగారికి కబురు పంపాడు. వెంట వందల మంది సాయుధులు ఉన్నారు. భయస్తుడు కాబట్టి అది ఎవరికీ వింతగా తోచలేదు. బెర్నబో ఆయుధం లేకుండా, కంచరగాడిద ఎక్కి, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని నగరద్వారం బయటికి ఎదురొచ్చాడు. పలకరింపులు అయ్యీ కాకముందే సేనాని యాకొపో దాల్ వెర్మే మనుషులు చుట్టుముట్టి పట్టేసుకున్నారు. యుద్ధం లేదు.

మిలాన్ తలుపులు తెరుచుకున్నాయి. జనం బెర్నబో భవనాల మీద పడి దోచుకున్నారు, పన్నుల కాగితాలు తగలబెట్టారు. కొత్త ప్రభువు పన్నులు తగ్గిస్తానన్నాడు. మిగతా నగరాలు ఒక్కొక్కటే లొంగాయి. బెర్నబోను అద్దా నది ఒడ్డున త్రెత్సో కోటలో పెట్టారు. డిసెంబర్ 19న అక్కడే చనిపోయాడు. విషం పెట్టారనే అప్పటివాళ్లందరూ నమ్మారు.

ఆ తర్వాత చేసిన పని మనిషి స్వభావాన్ని ఇంకా బాగా చెబుతుంది. చిన్నాన్న చేసిన నేరాలన్నిటినీ జాబితా కట్టి, న్యాయవిచారణ పత్రంలా రాయించి, ఇతర రాజ్యాలకు పంపాడు. పట్టుకున్నది బలంతోనే అయినా చట్టం ప్రకారమే పట్టుకున్నట్టు కాగితం ఉండాలి. చివరిదాకా ఇతని పద్ధతి ఇదే.

కతెరీనా సంగతేమిటి? తండ్రిని చంపినవాడితో ఎలా ఉంది?

ఆమె తన మనసులో మాట రాసిపెట్టలేదు. భర్తతోనే ఉంది. కొడుకుల కోసం మేరీమాతకు మొక్కుకున్నారు. 1388లో జొవాన్ని మరీయా, 1392లో ఫిలిప్పో మరీయా పుట్టారు. ఇద్దరి పేర్లలోనూ మరీయా ఉండడం ఆ మొక్కు వల్లే.

ఆమె అక్కచెల్లెళ్ల కథలు కూడా సుఖంగా లేవు. అన్యేజేను మాంతువా ప్రభువు ఫ్రాంచెస్కో గొంజాగాకిచ్చారు. వ్యభిచారం చేసిందని నింద వేసి 1391లో అతను ఆమె తల నరికించాడు. బెర్నబో బతికుండి అధికారంలో ఉంటే గొంజాగా అంత సాహసం చేసేవాడు కాదని నా నమ్మకం.

డ్యూక్ బిరుదు కొనుక్కున్నాడంటారు, నిజమేనా?

నిజమే. అప్పటిదాకా విస్కోంతిలు మిలాన్‌కు 'ప్రభువులు' మాత్రమే. సిద్ధాంతరీత్యా వాళ్ల అధికారం నగర ప్రజలు ఇచ్చింది, చక్రవర్తి ప్రతినిధి హోదా వల్ల వచ్చింది. రెండూ ఎప్పుడైనా వెనక్కి తీసుకోదగినవే. డ్యూక్ అయితే అది వంశపారంపర్య హక్కు. కొడుక్కి ఆస్తిలా వస్తుంది.

ఆ బిరుదు ఇవ్వగల చక్రవర్తి స్థానంలో ఉన్న జర్మన్ రాజు వెన్సెస్లాస్‌కు డబ్బు అవసరం. లక్ష ఫ్లోరిన్లకు బేరం తెగింది. 1395 మే 11న ప్రాగ్‌లో పత్రం రాశారు. సెప్టెంబర్ 5న మిలాన్‌లో సాంత్ అంబ్రోజో చర్చి ముందు వేదిక కట్టి, విదేశీ రాయబారుల సమక్షంలో పట్టం కట్టారు. ఆ వేడుక బొమ్మ గీసిన ప్రార్థన గ్రంథం ఈనాటికీ ఉంది, అనొవేలో ద ఇంబొనాతే చిత్రించాడు.

ఐదేళ్ల తర్వాత, 1400లో, రాజును ఎన్నుకునే హక్కున్న జర్మన్ ప్రభువులు (ఎలెక్టర్లు) వెన్సెస్లాస్‌ను గద్దె దించారు. మోపిన నేరాల్లో మిలాన్‌ను డబ్బుకు అమ్ముకోవడం ఒకటి.

ఇతను స్వయంగా యుద్ధం చేసేవాడా?

దాదాపు లేదు. పావియా కోటలో కూర్చునే యుద్ధాలు నడిపించాడు. రంగంలో ఉన్నది కిరాయి సేనానులు: యాకొపో దాల్ వెర్మే, ఫాచీనో కానే, అల్బెరీకో ద బార్బియానో లాంటివాళ్లు. డబ్బు సమయానికి ముట్టేది, అందుకే వాళ్లలో మంచివాళ్లు ఇతని దగ్గర నిలిచారు.

అవతలి పక్షాన కూడా అంతే. ఫ్లోరెన్స్‌కు పనిచేసిన ప్రసిద్ధ ఇంగ్లిష్ సేనాని జాన్ హాక్‌వుడ్ భార్య దొన్నీనా, బెర్నబోకు పెళ్లి బయట పుట్టిన కూతురు. అంటే హాక్‌వుడ్ కూడా బెర్నబో అల్లుడే.

ఏయే నగరాలు గెలిచాడు?

1387లో వెరోనా, విచెంత్సా. అక్కడి దెల్లా స్కాలా వంశాన్ని తుడిచిపెట్టాడు. ఆ యుద్ధంలో తోడొచ్చిన పాదువాను మరుసటి సంవత్సరమే మింగాడు. 1390లో పాదువా యువరాజు ఫ్రాంచెస్కో నొవేల్లో తిరిగొచ్చి తన నగరం పట్టుకున్నాడు. జాన్ గలెయాట్సోకు తగిలిన పెద్ద దెబ్బల్లో అదొకటి.

1390 నుంచి 1392 దాకా ఫ్లోరెన్స్‌తో యుద్ధం. ఫ్లోరెన్స్ డబ్బిచ్చి ఫ్రాన్స్ నుంచి అర్మాన్యాక్ కౌంట్‌ను దండుతో రప్పించింది. 1391 జులైలో అలెస్సాంద్రియా దగ్గర దాల్ వెర్మే అతన్ని చిత్తుగా ఓడించాడు, కౌంట్ ప్రాణాలు పోయాయి.

తర్వాతి విజయాలు ఎక్కువగా డబ్బుతోనూ చర్చలతోనూ వచ్చినవే. 1399లో పీసాను దాని ప్రభువు దగ్గర 2 లక్షల ఫ్లోరిన్లకు కొన్నాడు. అదే సంవత్సరం సియెనా తనంతట తానే ఇతన్ని ప్రభువుగా ఒప్పుకుంది. 1400లో పెరూజా. 1401 అక్టోబర్‌లో ఫ్లోరెన్స్ డబ్బుతో జర్మనీ కొత్త రాజు రూపెర్ట్ ఆల్ప్స్ దాటి వస్తే బ్రెషా దగ్గర ఓడి వెనుదిరిగాడు. 1402 జూన్ 26న కసలేక్యో యుద్ధం గెలవడంతో బొలోన్యా కూడా చేతికొచ్చింది.

ఇప్పుడు మ్యాప్ తీసి చూడండి. ఉత్తరాన బొలోన్యా, పశ్చిమాన పీసా, దక్షిణాన సియెనా, పెరూజా. మధ్యలో ఫ్లోరెన్స్.

శత్రువుల నదులను మళ్లించాడని చదివాను. అది సాధ్యమా?

ప్రయత్నించాడు, అదీ చాలా గట్టిగా. మాంతువా నగరానికి మూడు వైపులా నీళ్లే, మించో నది అక్కడ సరస్సుల్లా విస్తరిస్తుంది. ఆ నీరే దాని కోటగోడ. పైన వలేజ్జో దగ్గర నదికి అడ్డంగా 1393లో సుమారు 650 మీటర్ల పొడవున ఆనకట్టలాంటి కోట వంతెన కట్టించాడు. నదిని పక్కకు మళ్లిస్తే మాంతువా చుట్టూ నీళ్లు ఎండిపోతాయి. నీళ్లు పోతే రక్షణ పోతుంది, మిగిలిన బురదతో జ్వరాలూ వస్తాయి.

మళ్లింపు అనుకున్నట్టు సాగలేదు. 1397లో యుద్ధమే మొదలైంది. పో నది మీద బోర్గొఫోర్తే దగ్గర మాంతువావాళ్లు కట్టిన వంతెనను మండే తెప్పలు వదిలి తగలబెట్టించాడు. ఆగస్టు చివర గొవెర్నోలో దగ్గర ఇతని సైన్యమూ పడవలూ ఘోరంగా దెబ్బతిన్నాయి.

పాదువా నీళ్లు ఆపడానికి బస్సానో దగ్గర బ్రెంతా నది మీద కూడా ఇలాంటి పనే మొదలుపెట్టాడు. ఆయకట్టు గొడవలు చూసిన మనకు, నీటిని ఆపితే ఊరు లొంగుతుందనే ఈ ఆలోచన అర్థం కావడం కష్టం కాదు.

ఫ్లోరెన్స్‌కు ఇతనంటే అంత పగ ఎందుకు?

మొదటి కారణం వ్యాపారం. ఫ్లోరెన్స్ ఉన్ని బట్టలకు, బ్యాంకులకు సముద్రానికి దారి కావాలి. పీసా పోతే రేవు పోయినట్టే. బొలోన్యా పోతే ఉత్తరానికి వెళ్లే కొండదారి పోయినట్టే.

రెండోది రాజకీయ భయం. ఫ్లోరెన్స్ తనను స్వేచ్ఛగల గణతంత్రంగా చెప్పుకునేది. దాని ఛాన్సలర్ (ప్రభుత్వ ఉత్తరాలు రాసే ముఖ్య అధికారి) కొలూచ్చో సలుతాతి లాటిన్‌లో అద్భుతంగా రాస్తాడు. మిలాన్ 'నిరంకుశుడికి' వ్యతిరేకంగా యూరప్ అంతటా ఉత్తరాలు పంపాడు. సలుతాతి ఉత్తరం వెయ్యిమంది రౌతుల కంటే ఎక్కువ నష్టం చేస్తుందని జాన్ గలెయాట్సో అన్నట్టు ఒక మాట ప్రచారంలో ఉంది. మిలాన్ వైపు నుంచి అంతోనియో లోస్కి జవాబులు రాశాడు: ఫ్లోరెన్స్ స్వేచ్ఛ అంటే చుట్టుపక్కల ఊళ్లను తొక్కి ఉంచడమేనని, ఇటలీలో శాంతి రావాలంటే ఒకే ప్రభువు కావాలని.

ఎవరి మాట నిజం? ఫ్లోరెన్స్‌లో ఓటు హక్కు కొద్దిమంది సంపన్న కుటుంబాలదే. పీసావాళ్లను అడిగితే ఫ్లోరెన్స్ స్వేచ్ఛ గురించి మంచిమాట ఒక్కటీ చెప్పరు. అయినా పోటీ పడి మాట్లాడుకునే సభలు అక్కడ ఉన్నాయి, మిలాన్‌లో లేవు. ఆ తేడా నాకు చిన్నదిగా అనిపించదు.

పరిపాలన ఎలా ఉండేది?

ఇతని అసలు గొప్పతనం ఇక్కడే ఉంది, కానీ యుద్ధకథల మధ్య ఎవరూ పట్టించుకోరు.

డ్యూక్ పక్కన రెండు మండళ్లు పనిచేసేవి. రాజకీయాలు, దౌత్యం చూసే రహస్యమండలి ఒకటి, ఫిర్యాదులు వినే న్యాయమండలి మరొకటి. ఆదాయ వ్యయాలకు వేరే అధికారులు. ప్రతి నగరానికీ న్యాయపాలన చూసే పొదెస్తా, లెక్కలు చూసే అధికారి ఉండేవారు. పొదెస్తా బయటి ఊరివాడై ఉండాలి, స్థానిక ముఠాలతో చుట్టరికాలు ఉండకూడదు. 1396లో మిలాన్ చట్టాలను సవరించి కొత్తగా ప్రకటించారు. పావియా విశ్వవిద్యాలయాన్ని తండ్రి 1361లో మొదలుపెడితే ఇతను పెద్ద పండితులను తెచ్చి నిలబెట్టాడు. ఆ కాలపు అగ్రశ్రేణి న్యాయశాస్త్రవేత్త బాల్దో చివరి పదేళ్లు అక్కడే పాఠాలు చెప్పి 1400లో అక్కడే కన్నుమూశాడు. గ్రీకు పండితుడు మాన్యుయేల్ క్రిసొలొరాస్ కూడా కొంతకాలం పావియాలో బోధించాడు.

గుమాస్తాల కలం మీద నడిచే ఈ ప్రభుత్వంలో అనుమానానికీ చోటు ఎక్కువే. ఏళ్ల తరబడి ఇతని రహస్యాలన్నీ మోసిన కార్యదర్శి పస్క్వీనో కపెల్లిని 1398లో రాజద్రోహం నేరం మీద చంపించాడు. మాంతువా గొంజాగా పుట్టించిన దొంగ ఉత్తరాల వల్లే ఆ నింద పడిందని కథనం ఉంది.

మిలాన్ కెథడ్రల్ కట్టించింది ఇతనేనా?

ఒక్కడే కాదు. 1386లో ఆర్చిబిషప్ అంతోనియో ద సలుత్సో, నగర ప్రజలు కలిసి మొదలుపెట్టారు. పేదలు పాత బట్టలు ఇచ్చారు, చేతివృత్తులవాళ్లు వంతులు వేసుకుని కూలి తీసుకోకుండానే పనిచేశారు. జాన్ గలెయాట్సో చేసింది దాన్ని మామూలు ఇటుకల గుడి నుంచి యూరప్ స్థాయి పాలరాతి కట్టడంగా మార్చడం. 1387లో నిర్మాణ సంస్థకు నియమాలు ఏర్పరిచి, మజ్జోరే సరస్సు పైనున్న కందొల్యా పాలరాతి గనులను వాడుకునే హక్కు ఇచ్చి, సుంకాలు రద్దు చేశాడు. రాయి సరస్సు మీద, తిచీనో నది మీద, నవీల్యో కాలువ మీద పడవల్లో నగరానికి వచ్చేది. 'నిర్మాణ సంస్థ వాడకానికి' అని లాటిన్ పొడి అక్షరాల ముద్ర ఉంటే సుంకం అడగరాదు.

కోసుగా ఉండే కమాన్లతో ఎత్తుగా లేచే గోతిక్ శైలిలో ఇంత పెద్ద కట్టడం స్థానిక మేస్త్రీలకు అలవాటు లేదు. ఫ్రాన్స్, జర్మనీల నుంచి నిపుణులు రావడం, స్థానికులతో గొడవపడి వెళ్లిపోవడం ఏళ్లపాటు జరిగింది. ఎత్తు ఎంత ఉండాలో లెక్కగట్టడానికి 1391లో పియాచెంత్సా నుంచి గబ్రియేలే స్తొర్నలోకో అనే గణితజ్ఞుణ్ని పిలిచారు. 1399లో పారిస్ నుంచి వచ్చిన జాన్ మిన్యో ఈ స్తంభాలు నిలబడవని, శాస్త్రం లేని కళ వట్టిదని తెగేసి చెప్పాడు. స్థానికులు ఒప్పుకోలేదు, అతన్ని పంపేశారు. వాళ్లు కట్టిన స్తంభాలు ఆరు వందల ఏళ్లుగా నిలబడే ఉన్నాయి. ఈ వాదనలన్నీ సంస్థ రికార్డుల్లో ఉన్నాయి, మధ్యయుగపు ఇంజనీర్లు ఎలా ఆలోచించేవారో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఆధారం అరుదు.

గర్భగుడి వెనక పెద్ద కిటికీలో రాతితో చెక్కిన సూర్యబింబం కనిపిస్తుంది. అది జాన్ గలెయాట్సో చిహ్నం. దాని వెంట ఉండే ఫ్రెంచ్ మాటకు 'న్యాయంగానే' అని అర్థం. ఆ చిహ్నం సూచించింది కవి పెట్రార్క్ అని సంప్రదాయం.

పావియా కోటలో ఏముండేది?

పుస్తకాలు. 1426లో రాసిన జాబితాలో 988 చేతిరాత గ్రంథాలున్నాయి. యూరప్‌లోని గొప్ప గ్రంథాలయాల్లో అదొకటి. 1499 తర్వాత ఫ్రెంచ్‌వాళ్లు వాటిలో చాలావాటిని పట్టుకెళ్లారు, ఇప్పుడవి పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి.

ఇంకో వస్తువు జొవాన్ని దొంది తయారుచేసిన ఆస్ట్రారియం. పదహారేళ్లు కష్టపడి 1364లో ముగించిన ఇత్తడి యంత్రం. సూర్యుడు, చంద్రుడు, ఐదు గ్రహాలు ఎక్కడున్నాయో ఏడు ముఖాల మీద చూపించేది. మన పంచాంగకర్తలు లెక్కవేసి రాసేదాన్ని పళ్లచక్రాలు తిరిగి చూపించేవన్నమాట. అసలు యంత్రం పోయింది. దొంది తన చేత్తో వివరాలు రాసిపెట్టినందువల్ల ఆధునికులు మళ్లీ తయారుచేయగలిగారు.

టర్కులకు రహస్యాలు అందించాడన్న ఆరోపణ నిజమా?

1396లో నికోపోలిస్ దగ్గర ఫ్రెంచ్, హంగేరీ సైన్యాలు ఒట్టోమన్ సుల్తాన్ బయజీద్ చేతిలో ఓడాయి. జాన్ గలెయాట్సోయే సుల్తాన్‌కు ముందే కబురు పంపాడని ఫ్రాన్స్‌లో పుకారు పుట్టింది. గట్టి ఆధారం లేదు. పుకారు ఎందుకు పుట్టిందో మాత్రం అర్థమవుతుంది.

బెర్నబోను బంధించిన రెండు నెలలకే, 1385 జులైలో, అతని మనవరాలు ఇసాబో ఫ్రాన్స్ రాణి అయింది. తాతను చంపినవాడి మీద ఆమెకు ఎలాంటి మనసు ఉంటుంది? నాలుగేళ్లకు జాన్ గలెయాట్సో తన కూతురు వాలెంతీనాను ఆ రాజు తమ్ముడు లూయీకే ఇచ్చి, ఇటలీలోని 'ఆస్తి' అనే పేరున్న నగరాన్ని కట్నంగా పెట్టి పంపాడు. ఒకే కుటుంబపు పాత పగ పారిస్ అంతఃపురంలో ఇద్దరు తోడికోడళ్ల మధ్య చేరింది. రాజు ఆరవ చార్లెస్‌కు మతి చలించినప్పుడు మంత్రాలు చేసింది వాలెంతీనానే అన్నారు. 1396లో ఆమె పారిస్ విడిచి వెళ్లాల్సి వచ్చింది. ఈ కథ మొత్తంలో నాకు ఎక్కువ జాలి కలిగేది ఆమె మీదే. తండ్రి చేసిన పనికి బిడ్డ శిక్ష అనుభవించింది.

ఎలా చనిపోయాడు?

1402 వేసవిలో మిలాన్ చుట్టూ ఉన్న లొంబార్డీ ప్రాంతంలో మహమ్మారి వ్యాపించింది. అది తప్పించుకోవడానికి మెలెన్యానో కోటకు వెళ్లాడు. అక్కడే జ్వరం పట్టుకుంది. ఆ ఏడాది మొదట్లో ఆకాశంలో పెద్ద తోకచుక్క కనిపించింది, అది తన కోసమే వచ్చిందని అతను నమ్మాడని చరిత్రకారులు రాశారు. సెప్టెంబర్ 3న పోయాడు, యాభై ఒకటి నిండలేదు. ఘనమైన అంత్యక్రియలు అక్టోబర్ 20న మిలాన్‌లో జరిగాయి.

ఫ్లోరెన్స్ ఊపిరి పీల్చుకుంది. బొలోన్యా పోయి అప్పటికి రెండు నెలలు దాటింది. ఇంకో సంవత్సరం బతికి ఉంటే ఫ్లోరెన్స్ పడిపోయేదా? గోడలు గట్టివే, కానీ వ్యాపారం ఆగితే ఆ నగరం ఎన్నాళ్లు తట్టుకునేదో అనుమానమే.

రాజ్యం ఎందుకు కూలిపోయింది?

పెద్ద కొడుకు జొవాన్ని మరీయాకు పద్నాలుగేళ్లు నిండడానికి ఇంకా నాలుగు రోజులుంది. రెండోవాడికి దాదాపు పదేళ్లు. వీలునామాలో రాజ్యాన్ని పంచాడు: పెద్దవాడికి మిలాన్, చిన్నవాడికి పావియా, పెళ్లి బయట పుట్టిన గబ్రియేలే మరీయాకు పీసా. రాజప్రతినిధిగా కతెరీనా, ఆమె చుట్టూ సేనానులు, మంత్రులు.

ఆ సేనానులు జాన్ గలెయాట్సోకు సేవకులు, రాజ్యానికి కాదు. జీతం ఇచ్చే చేయి పోగానే ఎవరికి వాళ్లు నగరాలు పట్టుకున్నారు. ఫాచీనో కానే అలెస్సాంద్రియా తీసుకున్నాడు. పాత ముఠాలు ప్రతి ఊళ్లోనూ లేచాయి. సియెనా, పెరూజా, బొలోన్యా జారిపోయాయి. వెరోనా, విచెంత్సా, చివరికి పాదువా కూడా 1405 నాటికి వెనిస్ చేతిలో పడ్డాయి. పీసాను ఫ్లోరెన్స్‌కు అమ్మేశారు, ఎదురుతిరిగిన పీసావాళ్లను 1406లో ఫ్లోరెన్స్ ముట్టడించి లొంగదీసింది.

కతెరీనా సొంత కొడుకు పేరు మీదే మోన్సాలో బందీ అయ్యి 1404 అక్టోబర్‌లో చనిపోయింది. ఆమెకు కూడా విషమే పెట్టారని అనుమానం. జొవాన్ని మరీయా మనుషుల మీదికి కుక్కలను ఉసిగొల్పే క్రూరుడిగా తయారై, 1412 మే 16న చర్చి గుమ్మంలో హత్యకు గురయ్యాడు.

తర్వాత ఫిలిప్పో మరీయా లొంబార్డీని మళ్లీ కూడగట్టి 1447 దాకా ఏలాడు. అతని కూతురు బియాంకా మరీయాను పెళ్లాడిన సేనాని ఫ్రాంచెస్కో స్ఫోర్త్సా 1450లో డ్యూక్ అయ్యాడు. 1499లో ఫ్రాన్స్ రాజు పన్నెండవ లూయీ మిలాన్ నాదేనంటూ దండెత్తాడు. ఆ హక్కు ఎక్కడిదంటే, అతను వాలెంతీనా మనవడు.

ఇటలీకి రాజు కావాలనుకున్నాడా?

కిరీటం, రాజవస్త్రాలు సిద్ధం చేయించుకున్నాడని, ఫ్లోరెన్స్‌లో పట్టాభిషేకం చేసుకోవాలనుకున్నాడని ఒక కథ ఉంది. ఆస్థాన కవులు అలాంటి ఆశలు రాసిన మాట వాస్తవం. ఇతని సొంత పత్రాల్లో కనిపించేది మాత్రం ఒక్కో నగరం, ఒక్కో ఒప్పందం, ఒక్కో వాయిదా చెల్లింపు. 19వ శతాబ్దపు జాతీయవాదాన్ని 14వ శతాబ్దపు మనిషికి తొడగడం సరికాదని నా అభిప్రాయం. ఇతనికి కావలసింది కుటుంబ ఆస్తి, అది ఎంత పెద్దదైతే అంత మంచిది.

ఇటలీ వెళ్తే ఇతని ఆనవాళ్లు ఎక్కడ చూడొచ్చు?

మిలాన్‌లో కెథడ్రల్ లోపలికి వెళ్లి చివరి కిటికీలోని సూర్యబింబం చూడండి. స్ఫోర్త్సా కోట మ్యూజియంలో గుర్రమెక్కిన బెర్నబో పాలరాతి విగ్రహం ఉంది, బొనీనో ద కంపియోనే పని. సైన్స్ మ్యూజియంలో దొంది యంత్రానికి పునర్నిర్మించిన ప్రతి ఉంది. పావియాలో కోట నిలిచే ఉంది, 1527లో ఫ్రెంచ్ ఫిరంగులు కూల్చిన ఒక వైపు తప్ప. గార్దా సరస్సు వైపు వెళ్లేవాళ్లు వలేజ్జో వంతెన మీదుగా నడవొచ్చు.

తప్పకుండా చూడాల్సింది మాత్రం చెర్తోసా. కతెరీనా మొక్కు ప్రకారం 1396 ఆగస్టు 27న శంకుస్థాపన చేసిన మఠం. కుటుంబ సమాధి స్థలంగా అనుకున్నది. ఇప్పుడు మనం చూసే పాలరాతి ముఖభాగం స్ఫోర్త్సాల కాలానిది. లోపల జాన్ గలెయాట్సో సమాధి ఉంది, అది చెక్కడం మొదలైంది అతను పోయిన తొంభై ఏళ్లకు. మఠం నమూనాను మేరీమాతకు సమర్పిస్తున్నట్టు బెర్గొన్యోనే వేసిన గోడచిత్రం కూడా వెతికి చూడండి, పక్కన కొడుకులున్నారు. మిలాన్ నుంచి పావియా వెళ్లే ఎస్13 లోకల్ రైలు చెర్తోసా స్టేషన్‌లో ఆగుతుంది, అక్కడి నుంచి ప్రహరీ పక్కగా నడిచి వెళ్లొచ్చు. వెళ్లేముందు తెరిచే రోజులు, వేళలు చూసుకోండి.